అమ్మ మోకాళ్లు

ఆషాఢ పౌర్ణమికి సింహాచలం గిరి ప్రదక్షిణ అమ్మ ఏనాడూ మానలేదు. 32 కిలోమీటర్లూ చెప్పుల్లేకుండా నడిచేది. ఇప్పుడు మోకాళ్లు అరిగి, మా ఎంవీపీ కాలనీ రైతు బజారుకి వెళ్లాలన్నా ఆటో కావాలి.

అందుకే ఒక క్లినిక్‌లో "స్టెమ్ సెల్స్‌తో, అంటే కొత్త కణాలుగా మారగల మూల కణాలతో, మోకాలి గుజ్జు మళ్లీ పెరుగుతుంది, ఆపరేషన్ అక్కర్లేదు" అంటే ఆశపడ్డాను. తుంటి ఎముక నుంచి మజ్జ తీసి, మిషన్‌లో తిప్పి, అదే రోజు మోకాల్లోకి ఎక్కిస్తారట. ఫీజు వినగానే అమ్మ గాజుల వైపు చూసుకుంది. ఆ చూపు నన్ను రాత్రంతా నిద్రపోనివ్వలేదు.

మర్నాడు తెలిసిన ఎముకల డాక్టర్ని అడిగాను. కీలులోని గుజ్జుకి రక్తనాళాలు ఉండవు, అందుకే అరిగితే తనంతట తాను మళ్లీ పెరగదన్నారు. భారత వైద్య పరిశోధన మండలి (ఐసీఎంఆర్) 2017 మార్గదర్శకాలు రక్త సంబంధ జబ్బులకే స్టెమ్ సెల్ చికిత్సను ఒప్పుకున్నాయి, మిగతావి ట్రయల్స్‌లోనే, అంటే పరీక్షా ప్రయోగాల్లోనే చేయాలి. 2022లో మోకాళ్ల అరుగుదలకు ఒక స్టెమ్ సెల్ మందుకి, దేశంలో మందులకు అనుమతులిచ్చే డీసీజీఐ నుంచి అనుమతి వచ్చింది గానీ, ఆ క్లినిక్ చెప్పింది అది కాదు. ట్రయల్ అయితే, దేశంలోని ట్రయల్స్ వివరాలుండే ప్రభుత్వ రిజిస్ట్రీ సీటీఆర్ఐలో నమోదై ఉండాలి, పేషెంట్ దగ్గర డబ్బు అడగకూడదు. ఇది తెలిశాక నాకు చాలా కోపం వచ్చింది. నొప్పితో ఉన్నవాళ్ల ఆశ మీద బేరమా!

ప్రస్తుతం ఫిజియోథెరపీ, తొడ కండరాలకు వ్యాయామం, బరువు తగ్గడం. నెలన్నర అయింది. మెట్లు కాస్త నయం.

"ఈ ఏడు నడవలేనులే బాబూ, ప్రదక్షిణ మొదలయ్యే తొలిపావంచా దగ్గర కొబ్బరికాయ కొట్టొద్దాం" అంది నిన్న.