ఎత్తిన లిఫ్టు, నమ్మరాని నూనె

సౌదీలోని అల్ ఖర్జ్ దగ్గర పశుగ్రాసం పండించే ఫారంలో ఆరేళ్లుగా ట్రాక్టర్ నడుపుతున్నాను. నర్సంపేట వైపు మా ఊళ్లో పద్దెనిమిదో ఏటనే స్టీరింగ్ పట్టినవాణ్ణి కాబట్టి, ఈ పనిలో నాకు కొత్తగా నేర్పేవారెవరనే ధీమాతోనే విమానం ఎక్కాను. ఆ ధీమా మొదటి నెలలోనే, ఒక నీళ్ల క్యానుతో పాటు నలిగిపోయింది.

ఎరువు చల్లే యంత్రాన్ని ట్రాక్టర్ వెనక పనిముట్లను ఎత్తే లిఫ్టు మీద ఎత్తి ఉంచి, ఇంజన్ ఆపి, దాని నీడలో క్యాను పెట్టి భోజనానికి వెళ్లాను. తిరిగి వచ్చేసరికి యంత్రం చప్పుడు లేకుండా నేలకు దిగి ఉంది, క్యాను పళ్లెంలా అణిగి ఉంది. సూడాన్ ఫోర్‌మన్ తిట్టలేదు. క్యానును, ఆ తర్వాత నన్ను చూపించి, "ఖలాస్" అన్నాడు.

పంపు నూనెను సిలిండర్‌లోకి తోస్తే లిఫ్టు చేతులు లేస్తాయి. ఆ తర్వాత వాల్వు మూసుకొని, బరువునంతా లోపల చిక్కిన నూనె మోస్తుంది. సిలిండర్ లోపలి పిస్టన్ రింగు అరిగినా, వాల్వు సరిగా కూర్చోకపోయినా ఆ నూనె సన్నగా జారిపోతుంది. ఇంజన్ నడుస్తున్నంతసేపు పంపు ఆ లోటును పూడ్చుతూ ఉంటుంది కనుక, లిఫ్టు కాస్త దిగి ఎక్కిళ్లు వచ్చినట్టు మళ్లీ పైకి ఎగరడం తప్ప మనకు మరో ఆనవాలు కనిపించదు.

రోడ్డు మీద వ్యవహారం ఇంకా ముదురుతుంది. చక్రం గుంతలో పడ్డప్పుడు వెనక వేలాడే బరువు దెబ్బలా సిలిండర్ మీద పడుతుంది, ముందు చక్రాలు తేలికై స్టీరింగ్ మాట వినదు. అందుకే మా ఫారంలో పీటీఓ (ఇంజన్ శక్తిని వెనక యంత్రానికి అందించే ఇరుసు) ఆపి, యంత్రం పక్కలకు ఊగకుండా పట్టే చెక్ చైన్లు బిగించి, కుడి ఎడమ చక్రాల రెండు బ్రేకు పెడళ్లను కలిపి, లిఫ్టును లాక్ చేశాకే తారు రోడ్డు ఎక్కనిస్తారు. కొత్త బండ్లలో ఈ లాకుకు స్విచ్ ఉంటుంది. కొన్నింటిలో వేగం అందుకోగానే లిఫ్టే కొద్దిగా కదులుతూ కుదుపును మింగుతుంది. పాతవాటిలో సీటు కింద, లిఫ్టు దిగే వేగాన్ని సర్దే నాబ్ ఉంటుంది. చాలా బండ్లలో దాన్ని పూర్తిగా బిగిస్తే సిలిండర్ నుంచి నూనె వెనక్కి వచ్చే దారి మూసుకుంటుంది. అన్నింటిలోనూ మూసుకోదు, బండితో ఇచ్చిన పుస్తకం చూసుకోవాలి. (మా ఇంట్లో ఆ పుస్తకం సంచి కుట్టు కూడా విప్పలేదు.)

పోయినసారి సెలవుకు వచ్చినప్పుడు తమ్ముడు మట్టిని గుల్లచేసే రోటవేటర్‌ను లిఫ్టు మీద ఎత్తుకొని గిర్నిబావి రోడ్డున వెళ్తుంటే పక్కన కూర్చున్నాను. స్పీడ్ బ్రేకర్ దాటగానే బ్లేడ్లు తారును గీకినంత పని చేశాయి.

"లిఫ్టు లాక్ చేయవా?"

"ఏం కాదన్నా, ఆయిల్ పట్టుకుంటది."

బండి పక్కకు ఆపించాను. నాబ్ దుమ్ము, తుప్పు పట్టి బిగుసుకుపోయి ఉంది. పానాతో పట్టి తిప్పితే గాని కదల్లేదు. పూర్తిగా బిగించి, ఇంజన్ ఆపి, ఎదురుగా ఉన్న హోటల్లో చాయ్ తాగి వచ్చేలోపు రోటవేటర్ జానెడు దిగింది. కంట్రోల్ వాల్వు దారి మూశాక కూడా దిగుతోందంటే అనుమానం సిలిండర్ మీదికే పోతుందని, దుక్కులు మొదలయ్యే లోపు విప్పించమని చెప్పి వచ్చాను. ఇక్కడికి చేరిన వారానికి తమ్ముడు ఫోటో పంపాడు: మెకానిక్ అరచేతిలో పిస్టన్ రింగు, ఒకచోట బ్లేడుతో కోసినట్టు తెగి ఉంది.