చేర్చుకొని విశదపరచిరి

అపొస్తలుల కార్యముల గ్రంథం 18వ అధ్యాయం చివర, 24 నుండి 28 వరకు ఉన్న ఐదు వచనాలను, బడిలో గానీ సండే స్కూలులో గానీ పిల్లల ముందు నిలబడే ప్రతి విశ్వాసీ నిదానంగా చదువుకోవాలని నా కోరిక. అలెక్సంద్రియవాడైన అపొల్లో ఎఫెసుకు వచ్చాడు. అతడు విద్వాంసుడు, లేఖనాలలో ప్రవీణుడు, యేసును గూర్చిన సంగతులను మనసు పెట్టి వివరంగా బోధిస్తున్నవాడు. అయితే అతనికి తెలిసినది యేసుకు ముందుగా వచ్చిన యోహాను ఇచ్చిన బాప్తిస్మము మాత్రమే. చెప్పే తీరు బాగుంది, చెప్పాలన్న ఆసక్తి ఉంది, కానీ పాఠంలో ఒక ముఖ్యమైన భాగం ఇంకా అతని దాకా రాలేదు. యూదుల సమాజమందిరంలో అతని మాటలు విన్న ఒక భార్యాభర్తలకు ఆ లోపం అర్థమైంది. వారు చేసిన పనిని ఈ గ్రంథకర్త లూకా ఒక్క వాక్యంలో రాశాడు: "ప్రిస్కిల్ల అకుల విని, అతని చేర్చుకొని దేవుని మార్గము మరి పూర్తిగా అతనికి విశదపరచిరి."

విన్నారు, చేర్చుకున్నారు, ఆ తరువాత విశదపరచారు. ఈ వరుసలో నడుమ ఉన్న మాట దగ్గర నేను చాలాసార్లు ఆగిపోయాను. పిల్లవాణ్ణి బడిలో చేర్చుకుంటామంటాం, ఏడ్చే బిడ్డను అక్కున చేర్చుకుంటామంటాం, దిక్కులేనివారిని ఇంట చేర్చుకున్నారంటాం. తెలుగులో ఈ మాట వచ్చిన ప్రతిచోటా ఒక తలుపు తెరుచుకుంటుంది. తప్పు దిద్దడానికి ముందు ఆ తలుపు తెరవాలన్నది ఆ దంపతులకు తెలుసు. మనలో ఎక్కువమందిమి విన్న వెంటనే విశదపరచడానికి దిగుతాం. అంతకంటే బాధాకరంగా, విన్నదాన్ని స్టాఫ్ రూములో మరో నలుగురికి విశదపరచి, చెప్పవలసిన ఆ ఒక్కరికి మాత్రం చెప్పకుండా ఊరుకుంటాం.

నా విషయమే చెబుతాను. కొన్నేళ్ల క్రితం డిసెంబరులో, మా సంఘంలో కొత్తగా సండే స్కూలు బాధ్యత తీసుకున్న ఒక చెల్లి చాపమీద పిల్లలను కూర్చోబెట్టి, ఫ్లానెల్ బోర్డు మీద బొమ్మలు అతికిస్తూ, ముగ్గురు జ్ఞానులు యేసుప్రభువును చూడవచ్చిన కథ ఎంతో ముచ్చటగా చెబుతోంది. వెనుక నిలబడి ఉన్న నేను, "ముగ్గురని బైబిల్లో ఎక్కడుందమ్మా? కానుకలు మూడు, జ్ఞానులు ఎందరో మత్తయి రాయలేదు" అని పిల్లలందరి ఎదుటే అన్నాను. నేను చెప్పినది నిజమే. ఆ అమ్మాయి చేతిలో ఉన్న బొమ్మ అలాగే ఉండిపోయింది. పిల్లలు ఒకసారి ఆమె ముఖం వైపు, ఒకసారి నా ముఖం వైపు చూశారు. ఆ ఆదివారం ఆమె పాఠం ముగించింది గానీ, తరువాతి ఆదివారం రాలేదు. ఆ పై ఆదివారం కూడా రాలేదు.

ఆ రోజుల్లోనే నేను ఈ అధ్యాయాన్ని మొదటినుండి మళ్లీ చదివాను. ప్రిస్కిల్ల, అకుల మొదటినుండీ బోధకులుగా పేరు పొందినవారు కారు. యూదులందరూ రోమా విడిచి వెళ్లాలని క్లౌదియ చక్రవర్తి ఆజ్ఞాపించినందువల్ల ఇల్లు, ఊరు వదులుకుని కొరింథుకు వచ్చినవారు. డేరాలు కుట్టి బ్రతికేవారు. అదే వృత్తి తెలిసిన అపొస్తలుడు పౌలు వారి ఇంట కాపురమున్నాడు. "వారు కలిసి పనిచేయుచుండిరి" అని మూడవ వచనం చెబుతోంది. పౌలు ఆ పట్టణంలో ఉన్న ఏడాదిన్నర కాలంలో, పనిచేసుకుంటూ, ఒకే ఇంట ఉంటూ, అతని నోట వారు ఎంత విని ఉంటారో మనం ఊహించుకోవచ్చు. కొరింథులో పౌలును తమ ఇంట చేర్చుకున్నవారే తరువాత ఎఫెసులో అపొల్లోను చేర్చుకున్నారు. తాము ఏ తీరుగా నేర్చుకున్నారో ఆ తీరుగానే నేర్పించారు. దీనిని చదివినప్పుడు, నేను కొత్తగా పంతులుగా చేరిన ఏడాది నా పాఠ్యప్రణాళికలో తప్పు దొర్లితే, తరగతి అయ్యేదాకా వరండాలో వేచి ఉండి, తన టిఫిన్ బాక్సులో సగం నాకు పెట్టి, ఆ తరువాతే నోట్సు తెరిచిన ఒక పెద్దాయన గుర్తుకొచ్చారు. అంత దయను పొందిన నేను ఆ అమ్మాయికి ఇచ్చిందేమిటని సిగ్గుపడ్డాను.

అపొల్లో వైపు నుండి కూడా ఒక మాట చెప్పాలి. అంతటి విద్వాంసుడు డేరాలు కుట్టేవారి ఇంట కూర్చుని, స్త్రీ అయిన ప్రిస్కిల్ల చెప్పిన మాట కూడా విని దిద్దుకున్నాడు. ఆ కాలంలో అది చిన్న సంగతి కాదు. నా వయసు వారికి ఇది మరీ అవసరం. స్మార్ట్ బోర్డు మీద పాఠం ఎలా చూపాలో నిన్నగాక మొన్న చేరిన టీచరమ్మ చెప్పబోతే, "మాకు తెలియదా" అనుకునే గుండె మనలో ఉంది. చేర్చుకునేవారు ఎంత అవసరమో, చేర్చుకోబడడానికి తలవంచేవారూ అంతే అవసరం.

ఇదే అపొల్లో పేరు మీద తరువాత కొరింథులో వర్గం ఒకటి తయారైంది. "నేను పౌలువాడను" అని ఒకరు, "నేను అపొల్లోవాడను" అని ఒకరు. బోధకులిద్దరూ పోటీ పడలేదు. విన్నవారు పోటీ పెట్టారు. అప్పుడు పౌలు పొలం భాషలో జవాబు రాశాడు: "నేను నాటితిని, అపొల్లో నీళ్లు పోసెను, వృద్ధి కలుగజేసినవాడు దేవుడే." ఆ వెంటనే "మేము దేవుని జతపనివారమై యున్నాము" అన్నాడు. వరి పండించే ఊళ్లలో పుట్టినవారికి ఈ మాట వివరించనక్కరలేదు. నారుమడి పోసినవారు ఒకరు, నాటు వేసినవారు ఒకరు, రాత్రి లేచి వెళ్లి మడికి నీరు కట్టినవారు ఒకరు. కుప్ప నూర్చిన నాడు ఏ గింజ ఎవరిదో విడదీసి చెప్పగలవారు లేరు. పదో తరగతి ఫలితాలు వచ్చిన రోజున గేటు మీద కట్టే ఫ్లెక్సీలో గణితం మాస్టారి పేరు ఉండవచ్చు. అదే పిల్లవాడి వేలు పట్టుకుని పలక మీద "అ" దిద్దించిన టీచరమ్మ ఆ ఫ్లెక్సీ కింద నుండే నడిచి ఇంటికి వెళుతుంది. ఆమె నాటింది. ఆ సాయంత్రం ఆమె దగ్గరకు వెళ్లి "అమ్మా, వీడు మీ చేతి నారే" అని గణితం మాస్టారు ఒక్క మాట అంటే, ఆమెకు ఇంకో పదేళ్లు పాఠం చెప్పే బలం వస్తుంది.

పౌలు ఈ మాటను పుస్తకంలో రాసి విడిచిపెట్టలేదు. అపొల్లోను మళ్లీ కొరింథుకే వెళ్లమని తాను చాలా బతిమాలినట్టు మొదటి కొరింథీయుల పత్రిక 16వ అధ్యాయంలో ఉంది. తన పేరుకు పోటీగా నిలబెట్టిన మనిషిని ఆ పోటీ నడుస్తున్న ఊరికే పంపాలనుకోవడానికి ఎంత నిర్మలమైన మనసు కావాలి!

మన నేల మీద ఈ చేర్చుకోవడాన్ని నోరు తెరిచి అడిగినవారు బిషప్ అజరయ్య. తమిళ దేశంలో పుట్టి, తెలుగు నేర్చుకుని, 1912లో దోర్నకల్ బిషప్‌గా అభిషేకం పొందారు. దానికి రెండేళ్ల ముందు, 1910లో, ఎడిన్‌బరోలో జరిగిన ప్రపంచ మిషనరీ మహాసభలో ఆయన పాశ్చాత్య మిషనరీల ఎదుట నిలబడి, మీరు బీదలకు మీ ఆస్తులిచ్చారు, మీ శరీరాలను కూడా అర్పించారు, మేము ప్రేమను కూడా అడుగుతున్నాం, మాకు స్నేహితులను ఇవ్వండి అని కోరారు. బోధించేవారు వచ్చారు, బడులు కట్టారు, అయినా పక్కన కూర్చునే స్నేహం కొరతగా ఉందన్నది ఆయన మనవి. సంఘాల ఐక్యత కోసం ఏళ్ల తరబడి పాటుపడిన ఆయన 1945 జనవరి 1న ప్రభువునందు నిద్రించారు. వేర్వేరు సంఘాలు ఒకటైన దక్షిణ ఇండియా సంఘం (సి.ఎస్.ఐ.) 1947 సెప్టెంబరు 27న ఏర్పడింది. ఆయన నాటినది చూడకుండానే వెళ్లిపోయారు. లూథరన్, బాప్టిస్ట్, సి.ఎస్.ఐ., పెంతెకొస్తు, కథోలిక టీచర్లు ఒకే స్టాఫ్ రూములో కూర్చుని ఉదయం అసెంబ్లీకి ముందు చేతులు కలిపి ప్రార్థించే బడులను చూసినప్పుడల్లా నాకు ఆయన గుర్తుకొస్తారు.

మూడో వారం నేను ఆ చెల్లి ఇంటికి వెళ్లాను. "నన్ను క్షమించమ్మా" అన్నాను. ఆమె కాసేపు మాట్లాడలేదు. తరువాత టీ పెట్టి తెచ్చి, లోపలినుండి ఫ్లానెల్ బొమ్మల కవరు తీసుకొచ్చి నా ముందు పెట్టింది. "అన్నయ్యా, ఈ బొమ్మలు మీరిచ్చినవే. ఇందులో ఉన్నది ముగ్గురే" అంది. కవరు మీద నా చేతిరాతే ఉంది. ఎన్నో ఏళ్లుగా నేను వాడి, ఆమె చేతికిచ్చిన బొమ్మలవి. ఇద్దరం మత్తయి రెండవ అధ్యాయం తెరిచి, వచనం తరువాత వచనం కలిసి చదువుకున్నాం. మరుసటి ఆదివారం ఆమె వచ్చింది.

పెళ్లయి ఆమె హైదరాబాదు వెళ్లేటప్పుడు, అపొల్లో కొరింథు ఉన్న అకయ ప్రాంతానికి బయలుదేరినప్పుడు అతనిని చేర్చుకొమ్మని ఎఫెసు సహోదరులు అక్కడి శిష్యులకు ప్రోత్సాహపరచుచు రాసినట్టే, నేను కూడా అక్కడి సంఘపు టీచర్లకు ఒక ఉత్తరం రాసిచ్చాను. బొమ్మల కవరు కూడా ఆమెతోనే పంపాను. పోయిన క్రిస్మసుకు ఆమె ఫోనులో ఒక ఫోటో పంపింది. అదే బోర్డు, అవే పాత ముగ్గురు జ్ఞానులు. వారి వెనుక, ఆమె దగ్గర చదువుకునే పిల్లలు తలా ఒక జ్ఞానిని గీసి, రంగులు వేసి, కత్తిరించి అతికించారు. ఆ వరుస బోర్డు అంచు దాటి గోడ మీదికి వెళ్లింది.