సూది వెళ్లని చోట ఏముంది?

బ్రెస్ట్ క్యాన్సర్ అనగానే అందరూ గడ్డ సైజెంత అని అడుగుతారు. నాకైతే ఆ గడ్డ ఎలాంటిదన్నది కూడా అంతే ముఖ్యం. నూటికి 15 నుంచి 20 కేసుల్లో కణాల మీద హెర్2 అనే ప్రొటీన్ మరీ ఎక్కువగా ఉంటుంది, అలాంటివి త్వరగా పెరుగుతాయి, కానీ దాన్నే గురిపెట్టే మందు ట్రాస్టుజుమాబ్ 1998 నుంచీ ఉంది కాబట్టి ఆ సంగతి ముందే తెలియాలి.

తెలిసేది బయాప్సీతోనే, అంటే సూదితో చిన్న ముక్క తీసి పరీక్షిస్తేనే. చిక్కేమిటంటే, జబ్బు ఎముకలకో కాలేయానికో పాకితే అక్కడి కణాల్లో హెర్2 వేరేగా ఉండొచ్చు, అన్ని చోట్లా సూది గుచ్చలేరు కదా.

టార్గెటెడ్ పెట్ స్కాన్ నాకు నచ్చింది ఇందుకే. పెట్ స్కాన్ అంటే ఒంట్లోకి రేడియోధార్మిక పదార్థం ఎక్కించి, అది ఎక్కడెక్కడ చేరిందో ఫొటో తీయడం. మామూలు పెట్ స్కాన్‌లో ఎక్కించేది రేడియోధార్మిక చక్కెర లాంటి పదార్థం, దాన్ని క్యాన్సరే కాదు, ఇన్ఫెక్షన్ ఉన్న చోటు కూడా లాగేసుకుంటుంది. ఇక్కడ మాత్రం ట్రాస్టుజుమాబ్‌కే జిర్కోనియం-89 అనే రేడియోధార్మిక లోహం తగిలించి ఎక్కిస్తారు, అది వెళ్లి హెర్2కి అతుక్కుంటుంది. ట్రాస్టుజుమాబ్ ఒక యాంటీబాడీ, అంటే పెద్ద ప్రొటీన్, నెమ్మదిగా చేరుతుంది, అందుకే కొన్ని రోజులు ఆగి స్కాన్ తీస్తారు (జిర్కోనియం రేడియోధార్మికత సగానికి తగ్గడానికి 3 రోజుల పైనే పడుతుంది, అదే కలిసొచ్చింది). అన్నిరోజుల టెన్షన్ ఎవరికి కావాలి చెప్పండి! పైగా కాలేయం ఆ మందును మామూలుగానే పట్టేసుకుంటుంది గనక అక్కడి మచ్చలు సరిగా తేలవు. హెర్2కే అతుక్కునే చిన్న అణువులకు గాలియం-68 అనే మరో రేడియోధార్మిక లోహం తగిలిస్తే అదే రోజు స్కాన్ అయిపోతుంది, నా ఓటు వాటికే.

హెర్2 స్కాన్లు ఇంకా ఎక్కువగా పరిశోధనల్లోనే ఉన్నాయి. కణాల మీద కాకుండా లోపల ఈస్ట్రోజెన్ హార్మోన్‌ను పట్టుకునే రిసెప్టార్లను చూపే ఎఫ్‌ఈఎస్ పెట్ అనే స్కాన్‌కైతే అమెరికా మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ 2020లోనే అనుమతి ఇచ్చింది, అదీ బయాప్సీకి తోడుగానే.