వాపసు చీర, ముగిసిపోయిన గడువు: ఒక క్లెయిము అనుభవం

ఆన్‌లైన్‌లో చీర అమ్మేవాడికి, ఆ చీర కొన్నవారి ఇంటికి చేరిన రోజుతో అమ్మకం పూర్తి కాదు. వారికిచ్చిన వాపసు గడువు ముగిసేవరకు డబ్బు ప్లాట్‌ఫాం వద్దనే ఉంటుంది, ముగిసిన తరువాత కూడా చెల్లింపు తేదీ వచ్చేవరకు ఖాతాలో పడదు. నేను మంగళగిరిలో నూలు కొని, నేతవారికిచ్చి, నిజాం అంచు చీరలు నేయించి అమ్ముతాను. నేతవారు చీర తెచ్చి ఇచ్చిన రోజునే మజూరీ ఇవ్వాలి. నూలు కొట్టువారు అరువిచ్చినా నెల దాటనివ్వరు. ఈ రెండు చెల్లింపులకూ, ప్లాట్‌ఫాం నుంచి వచ్చే డబ్బుకూ మధ్యనున్న ఎడాన్ని పెట్టుబడితోనో, అప్పుతోనో పూడ్చుకోవడమే మావంటి చిన్న అమ్మకందారుల వ్యాపారంలో సగం.

వాపసులు రెండు రకాలు. కొన్నవారు తలుపు దగ్గరే వద్దనడం వల్లనో, ఇంట్లో లేకపోవడం వల్లనో విప్పకుండా తిరిగి వచ్చేవి మొదటి రకం. వీటిలో రానుపోను కాలం వృథా అవుతుంది గానీ, చీర మాత్రం వెళ్లినది వెళ్లినట్టే వస్తుంది. విప్పి చూసి, కారణం ఎంచుకుని వెనక్కి పంపేవి రెండవ రకం. ఆ కారణాల పట్టికలో 'లోపం ఉంది' అన్నదానిని ఎంచుకుంటే తిరుగు రవాణా ఖర్చు అమ్మకందారు మీద పడుతుంది. చేనేత చీరలో అక్కడక్కడ పోగు లావుగా ఉండడం, అంచులో జరీ వెడల్పు వెంట్రుకవాసి మారడం సహజమని, అదే అది మగ్గం మీద నేసినదనడానికి గుర్తని వివరణలో ఎంత రాసినా, చేనేత సరుకని ధ్రువీకరించే, 2006 నుంచి ఉన్న హ్యాండ్లూమ్ మార్క్ చీటీ కుట్టి పంపినా, ఆ పట్టికలో చేనేతకు వేరే గడి లేదు.

శ్రావణమాసంలో ఈ రెండవ రకం పెరుగుతుంది. వరలక్ష్మీ వ్రతానికి ముందు ఆర్డర్లు పోటెత్తుతాయి, వ్రతమైన మరునాడు వాపసు అభ్యర్థనలు మొదలవుతాయి. అందరూ కట్టి పంపుతారని నేననను; రంగు ఫోటోలో ఒకలా, ఎదుట మరొకలా కనిపించి నిజాయతీగా పంపేవారే ఎక్కువ. 2025లో వ్రతం ఆగస్టు 8న, శుక్రవారం నాడు వచ్చింది. ఆ శనివారమే హైదరాబాదు నుంచి ఒక చీరకు వాపసు అభ్యర్థన నమోదైంది. నా ప్లాట్‌ఫాంలో చీరలకు కొన్నవారికిచ్చే గడువు ఏడు రోజులు. వారు గడువులోనే ఉన్నారు కనుక అభ్యర్థన తానుగా ఆమోదం పొందింది, డబ్బు వారికి తిరిగి వెళ్లిపోయింది. చీర మాత్రం నాకు ఆగస్టు 18న, సోమవారం మధ్యాహ్నం చేరింది.

వాపసు వచ్చిన ప్రతి పొట్లాన్ని కెమెరా ముందే విప్పడం నాకు మొదటినుంచీ ఉన్న అలవాటు. పొట్లం విప్పగానే సాంబ్రాణి వాసన వచ్చింది. మడతలు మావి కావు. మేము మడిచే పద్ధతిలో కొంగు పైకి ఉంటుంది, ఇందులో లోపలికి పోయింది. కింది అంచును వేళ్ల మధ్య జరుపుతూ పోతే, లోపలి కొస నుంచి కుచ్చిళ్లు వచ్చే మేర వరకు, జరీకి ఆనుకుని సన్నని సూది చిల్లులు ఒకే వరుసలో తగిలాయి. ఫాల్ కుట్టి, తరువాత జాగ్రత్తగా విప్పేశారన్నమాట. ఒకచోట ఆకుపచ్చ దారపు ముక్క ఇంకా మిగిలి ఉంది. ఆ చిల్లులు బల్బు వెలుతురులో ఫోటోకు పడవు, చీరను ఎండకు అడ్డంగా పట్టుకుంటేనే చుక్కలు చుక్కలుగా వెలుతురు కనిపిస్తుంది. అందువల్ల విప్పేటప్పటి వీడియో సోమవారంనాడే ఉన్నా, దగ్గరి ఫోటోలు మంగళవారం ఉదయం తీసి, వెంటనే పరిహారం కోరుతూ ప్లాట్‌ఫాంలో క్లెయిము పెట్టాను.

అది గంటలోపే తిరస్కరణకు గురైంది. కారణం: గడువు ముగిసింది.

వాపసు సరుకు మీద అమ్మకందారు అభ్యంతరం చెప్పడానికి నా ప్లాట్‌ఫాం ఇచ్చేది మూడు రోజులు, అదీ సరుకు అందినట్టు కొరియరు నమోదు చేసిన క్షణం నుంచి. నా చీర ఆగస్టు 15న, రాత్రి తొమ్మిది దాటాక అందినట్టు వారి రికార్డు చెబుతోంది. స్వాతంత్ర్య దినోత్సవం నాడు మా దుకాణం తెరవనేలేదు. కొరియరు శాఖలవారికి రోజు లక్ష్యాలుంటాయి కనుక, ఇవ్వని పొట్లాలను కూడా సంచిమొత్తంగా 'అందినవి'గా నొక్కేసి, వీలైన రోజున తెచ్చి ఇవ్వడం మా ప్రాంతంలో అందరికీ తెలిసిన సంగతే. కొన్నవారి విషయంలో ఇలా జరిగితే వారు ఫోన్ చేసి గొడవపెడతారు, వెంటనే సరిచేస్తారు. అమ్మకందారుకు తిరిగి వచ్చే సరుకు విషయంలో ఆ నొక్కుడు వల్ల ఎవరికీ ఇబ్బంది ఉండదు, అమ్మకందారుకు తప్ప.

సహాయ కేంద్రానికి రాస్తే అదే సమాధానం అవే వాక్యాలతో వచ్చింది. మళ్లీ రాస్తే, టికెట్టు పరిష్కారమైనట్టుగా దానంతట అదే మూసుకుపోయింది. అక్కడే ఆగిపోయే అమ్మకందారులు నాకు చాలామంది తెలుసు, వారిని తప్పుపట్టలేను. పద్దెనిమిది వందల రూపాయల చీర కోసం దుకాణం వదిలి కూర్చుంటే పోయే బేరం అంతకంటే ఎక్కువ కావచ్చు. కానీ ఈసారి నా చేతిలో రెండు ఆధారాలు ఉన్నాయి. వాపసు పొట్లాల కోసం మేము ఒక పుస్తకం పెట్టాము: పొట్లం నంబరు, తేదీ, సమయం రాసి, తెచ్చిన అబ్బాయి చేత సంతకం చేయిస్తాము. ఆగస్టు 18 వరుసలో ఆ నంబరు, అతని సంతకం ఉన్నాయి. అయినా ఒక పక్షం రాసుకున్న పుస్తకాన్ని అవతలి పక్షం నమ్మాలని నియమమేమీ లేదు. రెండవది వారి ట్రాకింగులోనే దొరికింది. పైకి కనిపించే స్థితి 'అందినది' అనే ఉన్నా, పూర్తి చరిత్ర తెరిచి చూస్తే 15వ తేదీ నమోదు తరువాత, 18వ తేదీ ఉదయం అదే పొట్లం 'బట్వాడాకు బయలుదేరింది' అని మరొక స్కాన్ ఉంది. అందిపోయిన పొట్లం మూడు రోజుల తరువాత బట్వాడాకు బయలుదేరడం ఎలా సాధ్యమని ఒకే ఒక ప్రశ్న రాసి, ఆ తెర ఫోటోను, పుస్తకం పుటను, తేదీ కనిపించే వీడియోను జతచేసి, సహాయ కేంద్రానికి కాక, ఒప్పందంలో ఇచ్చిన ఫిర్యాదుల అధికారి చిరునామాకు పంపాను. ఇలాంటి చరిత్ర కొంతకాలానికి తెర మీద నుంచి తొలగిపోతుంది. కనుక గొడవ మొదలవకముందే దానిని భద్రపరచుకోవాలని తోటి అమ్మకందారులకు నేనిచ్చే మొదటి సలహా.

ఆ మధ్యకాలంలో చట్టం ఏమంటున్నదో కూడా తెలుసుకున్నాను. 2020 జులైలో వచ్చిన వినియోగదారుల రక్షణ ఈ-కామర్స్ నియమాల ప్రకారం, వినియోగదారుడి ఫిర్యాదు అందినట్టు 48 గంటల్లో చెప్పాలి, నెలలోగా పరిష్కరించాలి. లోపమున్న సరుకును, చెప్పిన సమయానికి అందని సరుకును వెనక్కి తీసుకోనని అమ్మకందారు అనకూడదు. ఇవి న్యాయమైన నియమాలే. నేనూ ఎన్నో వస్తువులు ఆన్‌లైన్‌లో కొంటాను. అయితే ఆ 48 గంటలు, ఆ నెల గడువు వినియోగదారుడికి చెందినవి, అమ్మకందారుకు కాదు. చిన్న పరిశ్రమలకు 45 రోజుల్లో డబ్బు చెల్లించాలని 2006 నాటి చట్టం చెబుతుంది కదా అని మా ఆడిటరును అడిగితే, ఆ బాధ్యత సరుకు కొన్నవాడిదని, ప్లాట్‌ఫాం మన దగ్గర కొనడం లేదని, అమ్మకానికి చోటు మాత్రమే ఇస్తున్నదని ఆయన వివరించారు. ఇక మిగిలింది ఒప్పందం. అందులో వివాదం వస్తే బెంగళూరులో మధ్యవర్తిత్వమని ఉంది. ఒక చీర కోసం బెంగళూరు వెళ్లేవారెవరు?

పన్ను లెక్కలో గడువులు మరొక రకం. ప్లాట్‌ఫాం మన అమ్మకాల మీద జీఎస్టీ కింద ముందుగా పట్టుకునే పన్ను 2024 జులై 10 నుంచి ఒక శాతం నుంచి అర శాతానికి, ఆదాయపు పన్ను కింద పట్టుకునేది అదే ఏడాది అక్టోబరు 1 నుంచి ఒక శాతం నుంచి 0.1 శాతానికి తగ్గాయి. ఇది మాకు నిజమైన ఊరట, ఎందుకంటే వాపసులు ఎక్కువగా ఉండే నెలల్లో ఆ కోత కూడా మజూరీ డబ్బులోంచే పోయేది. జీఎస్టీ కింద పట్టుకునే పన్నును వాపసులు పోగా మిగిలిన విలువ మీదనే లెక్క కడతారు. నా చీర ఒకే నెలలో వెళ్లి, అదే నెలలో వచ్చింది కనుక చిక్కు రాలేదు. మార్చి చివరి వారంలో అమ్మి ఏప్రిల్‌లో తిరిగి వచ్చే చీరలతోనే అసలు తిప్పలు. ఒక ఆర్థిక సంవత్సరపు బిల్లుకు మరొక సంవత్సరంలో క్రెడిట్ నోటు, అంటే ఆ బిల్లు మొత్తాన్ని తగ్గించే పత్రం, రాయవలసి వస్తుంది. దానిని రిటర్నులో చూపడానికి అమ్మకం జరిగిన ఆర్థిక సంవత్సరం ముగిసిన తరువాతి నవంబరు 30 వరకు, లేదా వార్షిక రిటర్ను దాఖలు చేసేవరకు, ఏది ముందైతే అంతవరకు సమయముంది. ప్రభుత్వం నెలలు ఇస్తున్నచోట ప్లాట్‌ఫాం మూడు రోజులిస్తున్నదని ఆడిటరు నవ్వారు.

అధికారి నుంచి జవాబు వచ్చింది. 15వ తేదీ నమోదు చెల్లదని ఒప్పుకున్నారు గానీ, ఎందుకలా జరిగిందో రాయలేదు. క్లెయిమును తిరిగి తెరిచారు. ఫోటోల్లోని చిల్లులను, దారపు ముక్కను చూసి, 'వాడిన సరుకు' అని అంగీకరించి, చీర విలువలో కొంత భాగాన్ని పరిహారంగా ఇచ్చారు. పూర్తి విలువ ఇవ్వడం వారి విధానంలో లేదట. తిరుగు రవాణా కోతను మాత్రం పూర్తిగా రద్దు చేశారు. ఆ చీరను ఉతికి గంజి పెట్టిస్తే పోగులు సర్దుకుని చిల్లులు చాలావరకు మూసుకున్నాయి. అయినా దానిని కొత్త చీరగా అమ్మకూడదు. సంగతి చెప్పి, ధర తగ్గించి దుకాణంలోనే ఇచ్చాము.

అప్పటి నుంచి కింది అంచు లోపలి వైపున, ఫాల్ మొదలయ్యేచోట, ఒక చిన్న చీటీని అంచుకు అడ్డంగా దారంతో కుట్టి పంపుతున్నాము. ఫాల్ కుట్టాలంటే దానిని తెంపక తప్పదు. చీటీ తెగితే వాపసు లేదని వివరణలోనూ, చీటీ మీదనూ తెలుగులో, హిందీలో, ఇంగ్లీషులో రాశాము. రంగు నచ్చక పంపేవారికి దీనివల్ల ఇబ్బంది లేదు, వారు చీటీ జోలికి పోరు. వ్రతానికి ముందు వారంలో ఎక్కువ ధర చీరలను ఆన్‌లైన్‌లో పెట్టడం మానేశాము. ఆ వారం అమ్మకం తగ్గినా, నేతవారి మజూరీకి అప్పు చేయవలసిన అవసరమూ తగ్గింది. కొరియరు అబ్బాయి ఇప్పటికీ కొన్ని పొట్లాలను ముందుగానే నొక్కేస్తున్నాడు. అందుకని ప్రతి రాత్రీ ట్రాకింగు తెరిచి, చేతికి రాకుండానే 'అందినవి'గా కనిపిస్తున్న వాటి జాబితాను ఆ రాత్రికే ఫిర్యాదుల అధికారికి పంపుతున్నాను.