ఆ చివరి పేరా

జెండర్ స్టడీస్ పేపర్‌లో ఫెమిసైడ్ (స్త్రీ హత్య) పాఠం మొదలైన రోజు మేడమ్ మాకు పత్రికా కటింగులు పంచారు. అన్నీ భర్త చేతిలోనో, వెంటపడినవాడి చేతిలోనో, సొంతవాళ్ల చేతిలోనో హతమైన ఆడవాళ్ల వార్తలు. చంపినవాడికి సాకుగా పనికొచ్చే మాటలన్నీ కొట్టెయ్యమన్నారు. ఆమె అంతకుముందు ఎవరికైనా చెప్పుకున్నట్టు కనిపిస్తే దాని కింద గీత గియ్యమన్నారు. ‘క్షణికావేశం’, ‘అనుమానం’, ‘ప్రేమ విఫలమై’ కొట్టేశాక నా కటింగులో పెద్దగా ఏమీ మిగల్లేదు. గీత పడింది చివరి పేరాలో: గతంలోనూ కొట్టాడని, బంధువులు సర్దిచెప్పి పంపారని.

స్త్రీవాద పరిశోధకురాలు డయానా రస్సెల్ 1976లో బ్రసెల్స్‌లో, స్త్రీలపై నేరాల అంతర్జాతీయ ట్రిబ్యునల్‌లో ఈ హత్యల గురించి మాట్లాడారు. ఆడది అయినందుకే మగవాడి చేతిలో చావడం ఫెమిసైడ్ అని తర్వాత నిర్వచించారు. ‘అతను చంపింది తన భార్యను, ఆడజాతిని కాదు కదా?’ అని మా క్లాసులో ఒకరు గట్టిగా వాదించారు. మేడమ్ 1989లో కెనడాలోని మాంట్రియల్‌లో జరిగింది చెప్పారు. ఒకడు ఇంజినీరింగ్ కాలేజీ తరగతి గదిలో మగపిల్లల్ని బయటకు పంపి, ఫెమినిస్టులంటే తనకు ద్వేషమని చెప్పి మరీ కాల్చాడు. ఆరోజు 14 మంది స్త్రీలు చనిపోయారు. అక్కడ ద్వేషం పైకి వినపడింది. ఇంట్లో అది ‘నన్ను కాదని ఎలా వెళ్తావు?’ అన్న మాటలో ఉంటుంది. ఆమె తన సొత్తు అన్న నమ్మకం రెండు చోట్లా ఒకటే.

‘హత్యకు గురయ్యేది మగవాళ్లే ఎక్కువ’ అని ఇప్పటికీ నాతో వాదిస్తుంటారు. నిజమే. కానీ ఐక్యరాజ్యసమితి అంచనా ప్రకారం 2023లో హత్యకు గురైన సుమారు 85,000 మంది స్త్రీలు, బాలికల్లో 51,100 మందిని చంపింది భాగస్వాములో, కుటుంబ సభ్యులో. మగవాళ్ల హత్యల్లో ఎక్కువ భాగం ఇంటి బయటే జరుగుతాయి.

నన్ను ఎక్కువగా కదిలించింది మెక్సికో పాఠం. చంపినవాడితో పాటు, పట్టించుకోని ప్రభుత్వాన్నీ బోనులో నిలబెట్టాలని అక్కడి స్త్రీవాద మానవశాస్త్రవేత్త మార్సెలా లగార్దె పట్టుబట్టారు. మెక్సికోలోని సియుదాద్ హ్వారెస్ నగరంలో కూతుళ్లు కనపడటం లేదని తల్లులు మొరపెట్టుకుంటే, బాయ్‌ఫ్రెండ్లతో వెళ్లుంటారని అధికారులు తేలిగ్గా కొట్టిపారేశారు. 2001లో అక్కడి పత్తిచేనులో స్త్రీల శవాలు దొరికాయి. కాపాడనందుకు, సరిగా దర్యాప్తు చెయ్యనందుకు మెక్సికో ప్రభుత్వానిదే బాధ్యత అని అమెరికా ఖండ దేశాల మానవ హక్కుల కోర్టు 2009లో తీర్పిచ్చింది. ఉరిశిక్షల గురించి ఎంత కేకలేసినా, నా దృష్టిలో ఆ తీర్పుకున్న విలువ వాటికి రాదు. చనిపోకముందు ఆమెకు ఎవరు ఏం చెయ్యాలో అది అడిగింది.

మన బ్యాచ్‌వాళ్లు ఇప్పుడు స్టేషన్లలో, కోర్టుల్లో, ఆసుపత్రుల్లో ఉన్నారు. మీకందరికీ ఒక విన్నపం. జాక్వెలిన్ క్యాంప్‌బెల్ అనే నర్సు తయారుచేసిన ప్రమాద అంచనా ప్రశ్నలు దగ్గర పెట్టుకోండి. గొంతు నులిమాడా? చంపుతానన్నాడా? ఆయుధం అందుబాటులో ఉందా? ఈమధ్యే విడిపోయారా? అవునన్న ఆమెను సర్దుకుపొమ్మని ఆ రాత్రి అదే ఇంటికి పంపకండి.