మెడ మీద నలుపు

మా ఆవిడ నెలరోజులు సున్నిపిండి పెట్టి నా మెడ రుద్దింది, మురికి పట్టిందని. పోతేగా. ఆఫీసు చెకప్‌లో ఫాస్టింగ్ షుగర్ 118, హెచ్‌బీఏ1సీ (మూడు నెలల సగటు షుగర్ చెప్పే టెస్టు) 6.3 వచ్చి డాక్టర్ దగ్గరికెళ్తే ఆయన రిపోర్టు కన్నా ముందు మెడే చూసి "ఇది మురికి కాదండీ, ఒంట్లో ఇన్సులిన్ ఎక్కువైతే చర్మం ఇలా నల్లబడుతుంది" అన్నారు. ఫాస్టింగ్ ఇన్సులిన్ చేయిస్తే 21. ఫాస్టింగ్ షుగర్నీ ఈ ఇన్సులిన్నీ గుణించి 405తో భాగిస్తే ఆరు దాటింది, రెండు లోపుంటే మంచిదిట. అంటే ఇన్సులిన్ లేక కాదు, బోలెడుంది, కండలూ లివరూ దాని మాట వినట్లేదంతే.

మాది భీమవరం వైపు, అన్నం లేనిదే ముద్ద దిగదు. ఓ రోజు తూకం వేస్తే మధ్యాహ్నం ఒక్కపూటే 400 గ్రాముల అన్నం, అందులో 110 గ్రాములు కార్బ్సే, అంటే పిండిపదార్థమే. భయమేసి మొత్తం మానేశా. గుడ్లు, పనీర్, ఆకుకూరలు, చేపల పులుసు వట్టిగా (ఆ బాధ గోదావరి వాళ్ళకే తెలుసు). మా అత్తగారు రాగిజావ మంచిదంటే తాగి గంటకి షుగర్ చూసుకుంటే 172! మెత్తటి పిండి ఉడికించి పలచగా కాస్తే అరగడానికి ఎంతసేపు, రాగులైతే మాత్రం.

అయిదు నెలల్లో 9 కిలోలు తగ్గా. ఇంక గెలిచేశాం అనుకుని గ్లూకోజ్ టెస్టుకి వెళ్తే, 75 గ్రాములు తాగించి రెండు గంటలకి చూశారు, 186. అక్కడే కూలబడ్డా. డాక్టర్ గారు మాత్రం "మూడు రోజుల్నించి ఏం తిన్నారు" అనడిగి నవ్వేశారు. కార్బ్స్ బాగా తగ్గించేస్తే కండలు కొవ్వు మీద నడవడానికి అలవాటు పడతాయిట, ఒక్కసారిగా గ్లూకోజ్ పోస్తే అందుకోలేవు, అది జబ్బు ముదరడం కాదు. మూడు రోజులు రోజుకి 150 గ్రాములకి తగ్గకుండా కార్బ్స్ తిని రమ్మన్నారు. ఆ మూడు రోజులూ పండగే. మళ్ళీ చేయిస్తే 128, ఫాస్టింగ్ 95, ఇన్సులిన్ 8.

అన్నం మానినందుకు తగ్గిందా అంటే, పొట్టలో, లివర్లో కొవ్వు కరిగినందుకే ఎక్కువ అంటారు ఆయన. నాకైతే అన్నం మానకుండా ఆ పొట్ట కరిగేది కాదు, ఆ వాదన మా ఇద్దరికీ తెగలేదు. ఇప్పుడు మధ్యాహ్నం ముందు కూర, గుడ్డు తిని ఆఖర్న ఓ కప్పు అన్నం, వెంటనే పావుగంట నడక, నడిస్తే కండలు ఇన్సులిన్ కోసం చూడకుండానే కొంత షుగర్ లాక్కుంటాయి. సున్నిపిండి డబ్బా ఇంకా బాత్రూంలోనే ఉంది, మెడ సగమే తేరుకుంది మరి.