ఓదార్చడానికి వెళ్లి ఓదార్పించుకుని వచ్చాను

నా ఫ్రెండ్ వాళ్లమ్మగారు ఐసీయూలో ఉన్నారని తెలిసి పరుగున వెళ్లాను. తను బయట కుర్చీలో కూర్చుని ఉంది, చేతిలో నలిగిపోయిన మందుల చీటీ, రెండు రాత్రులు నిద్ర లేని కళ్లు. చూడగానే నాకు ఏడుపు ఆగలేదు. తనే లేచి వాటర్ బాటిల్ మూత తీసి నా చేతికిచ్చి, "ఊరుకోవే, ఏం కాదు, డాక్టర్లు చూస్తున్నారుగా" అంటూ నా వీపు నిమిరింది. అరగంట ఉండి, మనసు తేలికపడి ఇంటికొచ్చేశాను. రాత్రి పడుకున్నాక వెలిగింది: ఇంతకీ ఎవరు ఎవరిని ఓదార్చినట్టు?

నాది మెత్తని మనసని, ఎవరి కష్టం చూసినా తట్టుకోలేనని నాకు లోపల్లోపల కాస్త గర్వమే ఉండేది. తిరకాసంతా ఆ "తట్టుకోలేను"లోనే ఉంది. డేనియల్ బ్యాట్సన్ అనే సైకాలజిస్టు ఎదుటివాళ్ల బాధ చూసినప్పుడు మనలో కలిగేదాన్ని రెండుగా విడదీశాడు. ఒకటి వాళ్ల కోసం పడే ఆరాటం, రెండోది ఆ బాధ చూడలేక మనకు మనం పడే కలవరం. బయటికి రెండూ ఒకలాగే ఉంటాయి, రెండిట్లోనూ కళ్లు చెమరుస్తాయి. కానీ రెండోది ఎక్కువగా ఉన్నవాళ్లకు ముందు తమ కలవరం తగ్గాలి, అది సాయం చేసినా తగ్గుతుంది, అక్కడి నుంచి తప్పుకున్నా తగ్గుతుంది. ఆయన ప్రయోగాల్లో తప్పుకోవడం సులువుగా ఉన్నప్పుడు అలాంటివాళ్లు ఎక్కువగా తప్పుకునే దారే చూసుకున్నారు. నేను అరగంటలో బయటపడ్డానుగా, అదే.

ఎమోషనల్ ఇంటెలిజెన్స్ అనగానే ఆఫీసు ట్రైనింగు, స్లైడ్లు గుర్తొచ్చి ఆవులింత వచ్చే బాపతు నేను. అయితే 1990లో పీటర్ సాలొవే, జాన్ మేయర్ ఈ పేరుతో రాసిన పేపర్లో చెప్పింది చాలా సూటిగా ఉంటుంది: మనలోని, ఎదుటివాళ్లలోని భావాలను గమనించడం, ఏది ఏదో వేరుచేసి గుర్తుపట్టడం, తెలిసినదాన్ని బట్టి ఆలోచించి నడుచుకోవడం. నేను తప్పింది మధ్యలో ఉన్న ఆ "వేరుచేయడం" దగ్గర. తన బాధ ఏది, నా టెన్షన్ ఏది అన్నది తేల్చుకోలేదు. (ఈ నిర్వచనంలో మంచితనం ఊసే లేదు చూశారా? మనుషుల్ని మోసం చేసేవాడికీ ఎదుటివాడి మొహం చదవడం బాగానే వచ్చి ఉంటుంది.)

రెండోసారి ఏడవలేదు కానీ రెండు మీటింగుల మధ్య వెళ్లాను. మాట్లాడుతూనే టైమ్ చూసుకోవడం, లేస్తూ "ఏదైనా కావాలంటే మొహమాటపడకుండా చెప్పు" అనడం. ఈ మాట ఇప్పటికి ఎంతమందితో అన్నానో లెక్కలేదు, ఒక్కరూ తిరిగి ఫోన్ చేసి ఫలానాది కావాలని అడగలేదు. అడగరు కూడా, ఎందుకంటే ఏం కావాలో ఆలోచించడం, దాన్ని ఎవరితో చెప్పాలో తేల్చుకోవడం, అడిగి చిన్నబోవడం, ఇదంతా అసలే అలసిపోయిన మనిషి నెత్తిన మనం పెట్టే ఇంకో పని. ఇక తొందర సంగతి. 1973లో జాన్ డార్లీ, ఇదే బ్యాట్సన్ కలిసి ప్రిన్స్‌టన్‌లో మతబోధకులు కాబోయే విద్యార్థులను ప్రసంగానికని పక్క భవనానికి పంపి, దారిలో ఒక మనిషిని మూలుగుతూ కూలబడినట్టు కూర్చోబెట్టారు. తొందర లేనివాళ్లలో 63 శాతం ఆగి ఏదో ఒక సాయం చేస్తే, ఆలస్యమైందని పరిగెత్తించినవాళ్లలో ఆగింది 10 శాతమే. వాళ్లలో కొందరి ప్రసంగం ఆపదలో ఉన్న బాటసారిని ఆదుకున్నవాడి కథ గురించే!

మూడోసారి సెలవు పెట్టి వెళ్లాను. నేనైతే అలాంటప్పుడు ఎవరైనా కబుర్లు చెబితే బాగుండు అనుకుంటాను కాబట్టి మొదలుపెట్టబోయి ఆగాను. "మాట్లాడనా, ఊరికే కూర్చోనా?" అని అడిగితే "కూర్చో చాలు" అంది. "వాళ్ల స్థానంలో నేనుంటే" అని ఊహించుకుంటే ఎదుటివాళ్ల మనసు తెలిసిపోతుందనుకుంటాం కదా, 2018లో వచ్చిన ఒక పరిశోధనలో 25 ప్రయోగాలు చేసి చూస్తే అలా ఊహించడం వల్ల అంచనా మెరుగుపడిందేమీ లేదట, నేరుగా అడిగి తెలుసుకుంటేనే మెరుగుపడింది. ఇంత చిన్న విషయానికి ఇన్ని ప్రయోగాలా అని నవ్వొచ్చింది కానీ, నేనూ ఇన్నేళ్లూ అడగలేదుగా.

ఊరికే కూర్చున్నాను కాబట్టి ఒకటి కనిపించింది. ఫోన్ మోగిన ప్రతిసారీ ఎత్తేముందు తన భుజాలు బిగుసుకుంటున్నాయి. చుట్టాలు, ఇరుగుపొరుగు, అందరూ ప్రేమగానే అడుగుతున్నారు, తను మాత్రం ప్రతివాళ్లకీ మొదటి నుంచీ మొత్తం చెబుతోంది, ఎప్పుడు పడిపోయారు, ఎవరు తీసుకొచ్చారు, స్కాన్‌లో ఏముంది, "ధైర్యంగానే ఉన్నాను అత్తయ్యా."

"ఫోన్ ఇలా ఇవ్వు, కాసేపు నేను చూసుకుంటా" అన్నాను. వద్దనలేదు, నా ఒళ్లో పెట్టేసింది.

ఆ మధ్యాహ్నం తొమ్మిది మందికి అదే సంగతి చెప్పాను. నాలుగో కాల్‌కే నా గొంతులో విసుగు నాకే వినిపించింది. పక్కకు చూస్తే తను గోడకు తల ఆనించి, నోరు కొంచెం తెరుచుకుని నిద్రపోతోంది. ఫోన్ సైలెంట్‌లో పెట్టి, మాట్లాడాల్సినప్పుడల్లా కారిడార్ చివరికి వెళ్లి వచ్చాను.